తెనాలిలో ఇల్లుంది... బోర్న్‌విల్‌లో పన్నుంది!

‘ప్రపంచంలో ఎక్కడైనా మీ పేరు మీద ఇల్లుందా?’

సొలిసిటర్ పంపిన ఫారంలో ఉందా ప్రశ్న. తెనాలి అబ్బాయి పెద్దగా ఆలోచించలేదు. ‘లేదు’ అని టిక్కు పెట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. బర్మింగ్‌హామ్‌లో తొమ్మిదేళ్లుగా అద్దె ఇళ్లలో ఉంటున్నవాడికి సొంతిల్లెక్కడిది? పాప లంచ్ బాక్సు సర్దుతున్న రాజమండ్రి అమ్మాయి మాత్రం చేతిలో పని ఆపేసింది.

“మరి తెనాలి ఇల్లు?”

“అది నాన్నది కదా!”

“ఉంటున్నది మామయ్యగారే. కాగితం మీద మాత్రం మీదే.”

నిజమే. పెళ్లైన ఏడాది నాన్న వాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని రిజిస్ట్రారాఫీసుకు తీసుకెళ్లారు. ‘అక్కకు పొలం ఇచ్చేశాం. ఇల్లు నీ పేర పెట్టేస్తే నా బాధ్యత తీరిపోతుంది’ అన్నారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఏ పనీ బాకీ ఉంచుకోవడం ఇష్టముండదు. అబ్బాయి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. బయటికొచ్చి ముగ్గురూ కాఫీ తాగారు. ఆ తర్వాత ఆ సంగతి మర్చిపోయాడు. అమ్మ గోడలకు సున్నం వేయించినా, నాన్న మోటారు మార్పించినా అది ‘నాన్నగారిల్లే’.

ఇంగ్లండు పన్నుల శాఖకు మాత్రం ఆ లెక్క వేరు. వాళ్ల దృష్టిలో అతను తెనాలిలో ఓ ఇంటి యజమాని. ఆ ఒక్క మాటకు ఖరీదు, తర్వాత లెక్క తేలినప్పుడు, అక్షరాలా ఇరవై ఒక్కవేల పౌండ్లు!

చాక్లెట్ కట్టించిన ఊరు

అసలు ఇదంతా మొదలైంది ఓ రైలు ప్రయాణంలో. ఆమె పని చేసే ఆసుపత్రికి దగ్గర్లో యూనివర్సిటీ స్టేషన్ ఉంది. ఓ సాయంత్రం డ్యూటీ దిగి రైలెక్కి కునుకు తీసింది. కళ్లు తెరిచేసరికి సెల్లీ ఓక్ దాటిపోయింది. రైలాగిన స్టేషనంతా వంకాయ రంగు! చిన్నప్పుడు రాజమండ్రిలో కిరాణా కొట్టు గాజుసీసాల వెనక కనిపించిన డెయిరీ మిల్క్ కాగితం రంగే. స్టేషన్ పేరు బోర్న్‌విల్.

దిగింది. ఎలాగూ తిరుగు రైలుకు టైముంది. రోడ్డు పట్టుకుని నడిస్తే నాలుగడుగుల ఎత్తు కంచె మొక్కలు, వాటి వెనక చిన్న చిన్న ఇటుక ఇళ్లు, మధ్యలో పచ్చిక మైదానం. గాలి మళ్లినప్పుడల్లా కోకో వాసన. ఇంటికొచ్చి ‘ఉంటే అక్కడుండాలండీ’ అంది. అంతే! ఆ రాత్రి నుంచి అతను కంప్యూటర్ ముందు కూర్చుని ఇళ్ల సైట్లు వెతకడం మొదలుపెట్టాడు.

బోర్న్‌విల్ కథ కాస్త చెప్పుకోవాల్సిందే. క్యాడ్‌బరీ అన్నదమ్ములు రిచర్డ్, జార్జ్ 1879లో తమ చాక్లెట్ ఫ్యాక్టరీని బర్మింగ్‌హామ్ నడిబొడ్డు నుంచి ఇక్కడి పొలాల్లోకి మార్చారు. అప్పటి బర్మింగ్‌హామ్‌లో కార్మికులుండే ఇళ్లంటే వెలుతురు లేని ఇరుకు కొంపలు. వయోజనుల బడిలో పాఠాలు చెప్పే జార్జ్‌కు ఆ ఇళ్ల సంగతి బాగా తెలుసు. 1893లో ఫ్యాక్టరీ పక్కనే 120 ఎకరాలు కొన్నాడు. కుర్ర ఆర్కిటెక్టు విలియం అలెగ్జాండర్ హార్వేతో ఇళ్లు గీయించాడు. స్థలంలో నాలుగో వంతుకు మించి ఇల్లు కట్టకూడదు, మిగతాదంతా తోటే అన్నది లెక్క. పెరటి చివర పళ్లచెట్లు కూడా నాటించి ఇచ్చేవారు. ఆపిల్, పియర్, ప్లమ్. ఇళ్లు క్యాడ్‌బరీ ఉద్యోగులకే అన్న షరతు లేదు, ఎవరైనా ఉండొచ్చు. 1900లో 330 ఎకరాలు, 313 ఇళ్లు కలిపి ఓ ట్రస్టుకు రాసిచ్చేశాడు. తన పిల్లలకు కాదు, ట్రస్టుకు! తెనాలి హెడ్మాస్టారికి ఫోన్లో ఈ ముక్క చెబితే కాసేపు మాట్లాడలేదట.

క్వేకర్ మతస్థులు కాబట్టి మద్యం దుకాణానికి చోటివ్వలేదు. నేటికీ ఆ పాత ఊళ్లో పబ్ లేదు. ఇంగ్లండులో పబ్ లేని ఊరంటే మన దగ్గర టీ బంకు లేని వీధి లాంటిదే. దానికి బదులు బడి పైన గంటల గోపురం ఉంది. బెల్జియంలోని బ్రూజ్ నగరంలో విని ముచ్చటపడి జార్జ్ క్యాడ్‌బరీ 1906లో పెట్టించాడు. ఇప్పుడందులో 48 గంటలు. ఫ్యాక్టరీ చేతులు మారింది. 2010లో అమెరికా కంపెనీ క్రాఫ్ట్ కొనేసింది, ఇప్పుడది మాండెలీజ్ చేతుల్లో ఉంది. ఊరు మాత్రం ట్రస్టు దగ్గరే ఉండిపోయింది.

ఎన్ని గదులు?

మన దగ్గర ఇల్లు చూడ్డానికెళితే మొదట అడిగేది ‘ఎన్ని చదరపు అడుగులు?’. తర్వాత ‘ఫేసింగ్ ఎటు?’. అక్కడ ఆ రెంటికీ ఏజెంటు దగ్గర జవాబు సిద్ధంగా ఉండదు. ఎన్ని బెడ్‌రూములు, పక్కింటితో గోడ కలిసిందా లేదా, పెరడు ఏ దిక్కుకుంది... ఇవే లెక్క. పెరడు దక్షిణానికి ఉంటే ధర పెరుగుతుంది. వాస్తు కోసం కాదు, ఎండ కోసం!

అంతకుముందు కింగ్స్ హీత్‌లో ఓ ఇంటి దాకా వెళ్లి దెబ్బతిన్నారు. బేరం కుదిరింది. బ్యాంకు సరేనంది. సర్వేకు డబ్బు కట్టారు. మూడు నెలలయ్యాక ‘ఇంకొకరు పదివేలు ఎక్కువిస్తామన్నారు’ అని ఏజెంటు మెయిల్ పెట్టాడు. అడ్వాన్సు తీసుకుని మాట తప్పితే మన ఊళ్లో పెద్దమనుషులు ఊరుకుంటారా? అక్కడ అడ్వాన్సే ఉండదు. ఇరుపక్షాల సొలిసిటర్లు ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఏ కట్టుబాటూ లేదు. నోటిమాటకు విలువిచ్చే దేశమని పేరు గానీ, ఇంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం కాదు. సర్వేకు, సొలిసిటరుకు పెట్టిన ఖర్చంతా నీళ్లపాలే.

2025 ఫిబ్రవరిలో బోర్న్‌విల్‌లో మూడు గదుల ఇల్లొకటి అమ్మకానికొచ్చింది. ఓ వైపు గోడ పక్కింటితో కలిసిన సెమీ డిటాచ్‌డ్ ఇల్లు. వందేళ్లు దాటింది. పెరటి చివర వంగిపోయిన ప్లమ్ చెట్టు. అమ్మేది వృద్ధ దంపతులు. మెట్లెక్కలేక సముద్రం పక్కన మెట్లు లేని చిన్నింటికి వెళ్లిపోదామనుకున్నారు. ‘ఆ చెట్టు ఏటా కాస్తుంది, కొట్టేయరుగా?’ అని ఆవిడ ఒక్కటే అడిగింది. కొట్టేద్దామన్నా కుదరదని తర్వాత తెలిసింది. ఇల్లు మనదే అయినా బయటి నుంచి కనిపించేది ఏదీ ట్రస్టు అనుమతి లేకుండా మార్చకూడదు. కిటికీలు, తలుపు, పైకప్పు, చెట్లు... ముందు తోట తీసేసి కారు పెట్టుకోవాలన్నా దరఖాస్తు చేసుకోవాల్సిందే. పైగా పరిసరాల నిర్వహణకని ఏటా కొంత రుసుము. స్నేహితులు ‘డబ్బు పోసి కొనుక్కుని కూడా అడుక్కోవడమేంట్రా’ అని నవ్వారు. ఆమెకు మాత్రం అదే నచ్చింది. రేపు పక్కవాడు మూడంతస్తులు లేపడని!

బేరం 3,20,000 పౌండ్ల దగ్గర తెగింది. పది శాతం చేతి నుంచి, మిగతాది బ్యాంకు అప్పు. ఐదేళ్లు వడ్డీ మారకుండా. ఆ పది శాతంలో కొంత నాన్న పంపారు. దానికీ ఓ కాగితం! ‘ఈ డబ్బు కొడుక్కి ఊరికే ఇస్తున్నాను, తిరిగి అడగను, ఇంట్లో నాకు వాటా లేదు’ అని సంతకం పెట్టి పంపాలి. డబ్బెక్కడి నుంచి వచ్చిందో బ్యాంకు పుస్తకాలతో సహా చూపించాలి. “కొడుక్కిచ్చి వాటా అడిగేవాళ్లు కూడా ఉంటారన్న మాట ఆ దేశంలో!” అన్నారు హెడ్మాస్టారు, సంతకం పెడుతూ.

అప్పుడొచ్చింది ఆ ఫారం.

వెయ్యి, ఆరువేలు, ఇరవై రెండువేలు

ఇల్లు కొంటే అక్కడ ప్రభుత్వానికి స్టాంప్ డ్యూటీ కట్టాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన లెక్క ప్రకారం మొదటి 1,25,000 పౌండ్లకు ఏమీ లేదు. అక్కడి నుంచి రెండున్నర లక్షల దాకా 2 శాతం. ఆ పైన 9,25,000 దాకా 5 శాతం. జీవితంలో మొదటిసారి ఇల్లు కొంటున్నవాళ్లకు మాత్రం రాయితీ. మూడు లక్షల దాకా ఏమీ అక్కర్లేదు. అంటే వీళ్లు కొంటున్న ఇంటికి మీద మిగిలిన ఇరవైవేల మీద 5 శాతం... వెయ్యి పౌండ్లు. అబ్బాయి వేసుకున్న లెక్క అదే.

తెనాలి ఇల్లు చెప్పాక సొలిసిటర్ ఫోన్ చేసింది. చాలా మర్యాదగానే వివరించింది. ఆ రాయితీ ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ ఇల్లు లేనివాళ్లకే. బహుమతిగా వచ్చినా, వారసత్వంగా వచ్చినా ఉన్నట్టే. కాబట్టి రాయితీ పోయింది. పన్ను ఆరువేలు. కథ అక్కడితో ఆగలేదు. కొన్న రోజు రాత్రికి చేతిలో ఇంకో ఇల్లు కూడా ఉంటే అది రెండో ఇంటి కింద లెక్క. దానికి మొత్తం ధర మీద మరో 5 శాతం. 2024 అక్టోబరు ఆఖరిదాకా అది 3 శాతమే ఉండేది. మూడులక్షల ఇరవైవేలకు పదహారువేలు. వెరసి 22,000. మన డబ్బులో పాతిక లక్షలు దాటుతుంది!

మిగిలిన ఇల్లు 40,000 పౌండ్ల లోపు విలువదైతే ఈ అదనపు పన్ను లేదు. అప్పటి మారకంలో అది ఓ 46 లక్షలు. తెనాలిలో మెయిన్ రోడ్డుకు రెండు వీధుల అవతల, ఆరు సెంట్ల జాగాలో డాబా ఇల్లు. అంతకు తక్కువని దేవుడొచ్చి చెప్పినా ఎవరూ నమ్మరు.

“పోనీ నా పేరు మీద కొందామా?” అంది రాజమండ్రి అమ్మాయి. అదీ కుదరదు. కలిసుంటున్న భార్యాభర్తలను ఈ విషయంలో పన్నుల శాఖ ఒక్కటిగానే చూస్తుంది. మొగుడి పేరున ఇల్లుంటే పెళ్లానికి కూడా ఉన్నట్టే. అక్కడెవరు చెప్పారో గానీ మన శాస్త్రం బాగానే వంటబట్టించుకున్నారు! తెనాలి ఇల్లు వదిలించుకున్నాక ఆమె ఒక్కతే కొంటే వెయ్యితో బయటపడొచ్చు. కానీ ఒక్క జీతం మీద బ్యాంకు అంత అప్పివ్వదు.

మిగిలిన దారి ఒకటే. ఇంగ్లండు ఇల్లు కొనేలోపు తెనాలి ఇల్లు నాన్న పేర మళ్లీ రాసిచ్చేయడం. అప్పుడు పన్ను ఆరువేలు. పదహారువేలు మిగులుతాయి.

సొలిసిటర్‌కు అదో చిన్న పని. “కుటుంబంలోనే కదా, ఇబ్బందేముంది?” అంది.

ఇబ్బందేముందో ఆమెకెలా చెప్పాలి? 

‘ఏమైందిరా మీ ఇద్దరికీ?’

మూడు ఆదివారాలు ఫోన్ చేశాడు. మూడుసార్లూ వాతావరణం గురించి, పాప చదువు గురించి మాట్లాడి పెట్టేశాడు. నాలుగో ఆదివారం ఆమే ఫోన్ అందుకుంది. “మామయ్యగారూ, ఆయన మీతో ఓ మాట చెప్పలేక చస్తున్నారు” అని స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టింది.

చెప్పాడు. పన్ను, శాతాలు, పదహారువేలు. అన్నీ చెప్పాడు. అవతల్నించి చప్పుడు లేదు.

“ఒరేయ్... ఇచ్చిన ఇల్లు వెనక్కి తీసుకునే తండ్రి ఎవడైనా ఉంటాడంట్రా?”

“నాన్నా, కాగితమే కదా.”

“కాగితమే. రిజిస్ట్రారాఫీసులో కూర్చున్నవాళ్లలో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లు. కొడుకు ఇల్లు తిరిగి రాసిచ్చేశాడంటే ఏమనుకుంటారు? తండ్రీకొడుకులు విడిపోయారనుకుంటారు. లేకపోతే ఇంక వాడు రాడు, ఇల్లు వద్దన్నాడు అనుకుంటారు.”

అమ్మ గొంతు వినిపించింది వెనక నుంచి. “అనుకోనివ్వండి. అనుకున్నవాళ్లేమైనా పాతిక లక్షలిస్తారా?”

ఫోన్ కట్టయింది. ఆ రాత్రి అతను నిద్రపోలేదు. పొద్దున్నే లేచి ‘మొత్తం కట్టేద్దాం. కారు ఇంకో నాలుగేళ్లు లాగుదాం’ అన్నాడు. ఆమె సమాధానం చెప్పకుండా డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ పదహారువేలంటే ఆమె లెక్కలో ఎన్ని నైట్ డ్యూటీలో ఆమెకే తెలుసు.

రెండ్రోజుల తర్వాత తెనాలి నుంచే ఫోన్. ఈసారి హెడ్మాస్టారి గొంతు క్లాసు మొదలుపెట్టే గొంతులా ఉంది. “ఆ చాక్లెట్ ఆయన మూడొందల ఇళ్లు ట్రస్టుకిచ్చాడన్నావు. పిల్లలు ఏమీ అనలేదా?” అని అడిగారు. “ఏమన్నారో నాకు తెలీదు నాన్నా” అన్నాడు. “సరే. పత్రాలు పంపించు” అన్నారు.

బర్మింగ్‌హామ్‌లోనే భారత కాన్సులేట్ ఉంది. అక్కడికెళ్లి బావ పేర పవరాఫ్ అటార్నీ రాసి సంతకం పెట్టి, ముద్ర వేయించి కొరియర్ చేశాడు. మేలో బావ రిజిస్ట్రారాఫీసుకెళ్లి ఇల్లు మామగారి పేర గిఫ్ట్ డీడ్ చేయించాడు. బయటికొచ్చి ఇద్దరూ కాఫీ తాగి ఫొటో పంపారు. ఫొటోలో హెడ్మాస్టారు నవ్వట్లేదు. కానీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

ఆషాఢంలో తాళాలు

ఇంటి తాళాలు ఎప్పుడిస్తారన్నది ఇంగ్లండులో ఒక్కరు తేల్చే విషయం కాదు. వీళ్లకు అమ్మే దంపతులు సముద్రం పక్క ఇల్లు కొంటున్నారు. ఆ ఇంటివాళ్లు ఇంకెక్కడో ఫ్లాటు కొంటున్నారు. మూడు ఇళ్లూ ఒకే రోజు ఖాళీ కావాలి, ఒకే రోజు నిండాలి. గొలుసు అంటారు దాన్ని. ఒక్క లింకు తెగితే అందరూ మొదటికి రావాల్సిందే. లారీవాళ్ల తేదీలు, సొలిసిటర్ల సెలవులు అన్నీ చూసుకుని జూన్ 27, శుక్రవారం అని ఖాయం చేశారు.

హెడ్మాస్టారు పంచాంగం తీశారు. “గురుమూఢం. దానికి తోడు ముందురోజే ఆషాఢం మొదలవుతోంది. మార్పించు.”

“కుదరదు నాన్నా. ముగ్గురి ఇళ్లు ఆగిపోతాయి.”

“వాళ్లకు మూఢం లేదా?”

“లేదు నాన్నా.”

కాసేపాగి ఆయనే దారి చూపించారు. “ఆ రోజు పూరీలో రథయాత్ర. జగన్నాథుడే ఇల్లు వదిలి రథమెక్కే రోజు. నువ్వు తాళాలు తీసుకో. సామాన్లు పెట్టుకో. పొయ్యి మాత్రం వెలిగించకు.”

వెలిగించలేదు. శుక్రవారం మధ్యాహ్నం డబ్బు బ్యాంకుల మధ్య చేతులు మారినట్టు కబురొచ్చాక ఏజెంటు ఆఫీసుకెళ్లి ఓ కవర్లో తాళాలు తెచ్చుకున్నారు. వంటగది బల్ల మీద ఆవిడ ఓ కాగితం పెట్టి వెళ్లింది. చెత్త ఏ వారం తీసుకెళతారు, నీళ్ల మీటరెక్కడుంది, బాయిలర్ గుర్రుమంటే ఏం చేయాలి... చివర్లో ‘ప్లమ్స్ ఆగస్టులో’ అని. నెల రోజులు అద్దె ఇంట్లోనే ఉండి, రోజూ సాయంత్రం వచ్చి గోడలకు రంగులేసుకున్నారు. రెండిళ్లకు డబ్బు కడుతూ! ఇంగ్లిషు సహోద్యోగులకు ఎందుకో అర్థం కాలేదు. వాళ్లకు చెప్పడం మానేశారు.

శ్రావణంలో అమ్మానాన్నా వచ్చారు. టివిడేల్‌లోని బాలాజీ గుడి నుంచి పంతులుగారొచ్చారు. గదిలో హోమం చేస్తే పొగకు అలారం మోగుతుందని పెరట్లో, ప్లమ్ చెట్టుకు దూరంగా చిన్న హోమకుండం పెట్టారు. గోడ కలిసిన పక్కింటావిడకు ముందే చెప్పారు. ఆవిడ కుర్చీ వేసుకుని కంచె అవతల నుంచి మొత్తం చూసింది. పాలు పొంగించేటప్పుడు వంటింట్లో అలారం ఎలాగూ మోగింది. అమ్మ మంగళవాయిద్యమేమో అనుకుంది.

భోజనాలయ్యాక హెడ్మాస్టారు పెరట్లో తిరిగొచ్చారు. వందేళ్ల నాటి గోడ తట్టి చూశారు. చెట్టు చుట్టూ తిరిగారు. రాలిన పళ్లు పంచె చెంగులో ఏరుకుని తెచ్చి బల్ల మీద పోశారు. చేతిసంచీలోంచి ఓ కవరు తీసి కొడుకు ముందు పెట్టారు.

“ఏంటి నాన్నా?”

“వీలునామా. ఇల్లు మళ్లీ నీకే రాశా. కంగారు పడకు, ఇప్పుడు కాదులే. నేను పోయాక. అప్పుడు పన్ను పడదుగా?”

“శుభమా అని గృహప్రవేశం చేసుకుంటుంటే ఏం మాటలండీ అవి!” అంటూ అమ్మ ఓ పండు కొరికి మొహం చిట్లించింది. తర్వాత ఇంకోటి కొరికింది. “పులుపు బాగానే ఉందే... పచ్చడికి పనికొస్తాయి. అమ్మాయ్, ఎండుమిరపకాయలెక్కడ పెట్టావు?”